నవ్విన కుటుంబం, ఏడ్చిన కుటుంబం

పెదమేడూరులో కాలిపోయిన మోటార్లకు వైండింగు చేసే చలమయ్యకీ, ఆయన భార్య మాణిక్యాంబకీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క సినిమా మీద కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. కుదరాలని ఇద్దరిలో ఎవరూ కోరుకున్నదీ లేదు. ఆదివారం మ్యాట్నీకి వెళ్ళడం, హాలు బయట చెరో గోలీసోడా తాగడం, అక్కణ్ణుంచి ఇంటిదాకా పోట్లాడుకుంటూ నడవడం, వాళ్ళ కాపురంలో పండగంటే ఇదే. ఈయనకి నచ్చిన హీరో ఆవిడకి మొద్దుమొహంలా కనిపించేవాడు. ఆవిడ కళ్ళొత్తుకున్న చోట ఈయనకి ఆవలింత వచ్చేది. రైల్వేగేటు దగ్గరికొచ్చేసరికి గొంతులు పెరిగేవి. వీధి మొగ తిరిగేసరికి ఎప్పటెప్పటి సినిమాలో బయటికొచ్చేవి. గుమ్మంలో చెప్పులు విప్పుతూ "నీతో సినిమాకొచ్చిందానికి నన్ననాలి" అని ఎవరో ఒకరు తీర్మానం చేసేవారు. మళ్ళీ ఆదివారం మధ్యాహ్నం భోజనాలవగానే ఇద్దరూ తయారు. పిల్లలు లేరు గనక ఇంట్లో సందడంతా ఈ తగవుదే.

అలాంటి ఇంటిమీదికి 'ట్యాంకెక్కిన నాన్న' అనే సినిమా వచ్చి పడింది.

అందులో ఒక నాన్న రిటైరైన మర్నాడే, ఇంట్లో తన మాట ఎవరూ వినడం లేదని అలిగి, డాబా మీదున్న ఖాళీ నీళ్ళట్యాంకులో దిగి కూర్చుంటాడు. కొడుకులు కిందనుంచి ఉపన్యాసాలిస్తారు. కోడలు వీడియోలు తీస్తుంది. భార్య మాత్రం పూటపూటా క్యారేజీ పట్టుకుని నిచ్చెనెక్కుతుంది. చివరికి ఆయనకి అలక తీరి, లేద్దామంటే మోకాళ్ళు పట్టేసి లేవలేకపోతాడు. అక్కడ హాలు సగం పగలబడి నవ్వింది. సగం ముక్కు చీదింది. నవ్వినవాళ్ళు ఏడ్చినవాళ్ళని తెలివితక్కువ వాళ్ళన్నారు. ఏడ్చినవాళ్ళు నవ్వినవాళ్ళని గుండె లేనివాళ్ళన్నారు. ఇది సినిమాకీ అర్థం కాలేదు, తీసినవాడికీ అర్థం కాలేదు గానీ డబ్బులు మాత్రం బాగా వచ్చాయి.

ఇదంతా జనం గొడవ. జనం గొడవ జనానికే వదిలేస్తే ఇక ప్రభుత్వం దేనికి? ఆ సినిమా ఉత్తమమైన కుటుంబ చిత్రమని చెప్పి అప్పటికే పన్ను మినహాయించారు. దాని మీద ఆడిట్ వారు కొర్రీ వేశారు. కుటుంబాలు మెచ్చుకున్నాయనడానికి ఆధారమేది? మొగుడు మెచ్చి పెళ్ళాం మెచ్చకపోతే దాన్ని మెచ్చిన కుటుంబం కింద రాయాలా, మెచ్చని కుటుంబం కింద రాయాలా? సగం కుటుంబం అని రాయడానికి కాలమ్ లేదు. ఈ కొర్రీకి జవాబు చెప్పడం కోసం 'కుటుంబ రస సమన్వయ విభాగం' అనే కొత్త ఆఫీసు పుట్టింది. ప్రయోగాత్మకంగా పెదమేడూరును ఎంపిక చేశారు. అంతకుముందు ఆ ఊరికి ప్రయోగాత్మకంగా ఇచ్చిన మంచినీళ్ళు ఇంకా దారిలోనే ఉన్నాయి.

ఆ ఆదివారం మ్యాట్నీ వదిలేసరికి హాలు గేటు దగ్గర మెడలో బ్యాడ్జి వేసుకుని ఒక పరిశీలకుడు నిలబడ్డాడు. పేరు ఇమ్మానుయేలు. మంచివాడే, ఉద్యోగం అలాంటిది.

"దంపతులేనా అండీ?" అన్నాడు చలమయ్యని ఆపి.

"చూస్తే ఎట్టా కనపడతన్నాం?" అంది మాణిక్యాంబ.

"సినిమా చివర్లో మీ కుటుంబం నవ్విందా, ఏడ్చిందా?"

"ఏడవక? రాయైనా ఏడుస్తది" అన్నాడు చలమయ్య. ఆయన కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "పాపం, పెద్దమనిషి. ఒక్కడైనా పైకెక్కి, నాన్నా, ఏం చెప్దామనుకున్నావో చెప్పు అని అడిగాడా?"

"ఈయన ఏడిస్తే ఏడ్చాడేమో గానీ నేను కడుపు పట్టుకుని నవ్వా" అంది మాణిక్యాంబ. "ఊరికే కూచున్నోడికి మోకాళ్ళు పట్టేశాయంట! పూటపూటా నిచ్చెనెక్కి కూడు మోసిందే, ఆ మహాతల్లి మోకాళ్ళ సంగతి నీకు పట్టిందా? దానికోసం ఒక్క చుక్క కార్చావా?"

"నువ్వు సినిమా చూశావా, నిచ్చెన చూశావా?"

"నువ్వు ట్యాంకు తప్ప ఏం చూశావు?"

ఇద్దరూ హాయిగా మొదలెట్టారు. సోడా తాగడం కూడా మర్చిపోయారు. వాళ్ళ వెనక ఇమ్మానుయేలు నిట్టూర్చి, తన కాగితం మీద 'విభక్తం' అని రాసుకున్నాడు. బుధవారానికల్లా నోటీసు వచ్చింది.

సమన్వయ విభాగం ప్రత్యేకాధికారి విశ్వపతి గారు మాట్లాడితే ఎదుటివాడికి చేతులు కట్టుకోవాలనిపిస్తుంది. అంత నున్నటి భాష. చలమయ్య దంపతుల్ని కూర్చోబెట్టి ఆయన నోటీసు సారాంశం వినిపించాడు.

"చూడండి. కుటుంబమనేది సమాజానికి మూలస్తంభం. స్తంభంలో పగుళ్ళు ఉండరాదన్నది ప్రభుత్వ విధానం. కుటుంబ చిత్రాన్ని చూసి ఏకరసానుభూతి పొందినవారే కుటుంబమని నిర్వచన ఉపసంఘం నిర్ణయించింది. సదరు చిత్రాన్ని చూసి ఒకరు హాస్యాన్నీ, మరొకరు కరుణనీ పొందినట్లయితే, వారు ఒకే కప్పు కింద నివసిస్తున్న రెండు వేర్వేరు కుటుంబాలుగా పరిగణించబడతారు. ఇది మీపై చర్య కాదు. కేవలం వాస్తవాన్ని గుర్తించడం."

"వేర్వేరు కుటుంబాలంటే ఏందండీ?" అన్నాడు చలమయ్య.

"వేర్వేరు కార్డులు, వేర్వేరు గ్యాసు. ఒకే కప్పు కింద రెండు కుటుంబాలకు కార్డులు ఇవ్వడానికి వీల్లేదు కనుక, ఒకరిని తమ రసానికి తగిన మరొక కుటుంబానికి సర్దుబాటు చేస్తాం."

మాణిక్యాంబ చలమయ్య చొక్కా అంచు పట్టుకుంది. ఆవిడ అలా చేయడం చలమయ్య ఎన్నడూ చూడలేదు.

"అయితే వారం గడువుంది" అని విశ్వపతి గారు దయగా నవ్వాడు. "ఇద్దరిలో ఒకరు అభిప్రాయాన్ని సవరించుకోవచ్చు. ప్రభుత్వం బలవంతపెట్టదు. కానీ ఒకసారి సవరించిన అభిప్రాయాన్ని తిరిగి సవరించడం కుదరదు. అభిప్రాయాలంటే ఆటవస్తువులు కావు కదా."

ఇంటికొచ్చాక ఆ పూట ఇద్దరూ సినిమా మాట ఎత్తలేదు. వారమంతా ఎత్తలేదు. చలమయ్య కొట్లో కూర్చుని రాగితీగ చుడుతూ, ఎంత చుట్టినా లెక్క తప్పి మళ్ళీ విప్పుతూ ఆలోచించాడు. మాణిక్యాంబ నవ్వుని మార్చుకోమని అడగడం తన వల్ల కాదు. ఆవిడ ఏ సినిమాకీ, ఏ మనిషికీ భయపడి నవ్వు మార్చుకున్నది కాదు. ఆ మనిషిని ఏదో గడప అవతలికి సర్దుబాటు చేస్తారట. తను ఏడిస్తే ఎంత, నవ్వితే ఎంత? గడువు చివరి రోజు పొద్దున్నే కొట్టు మూసి ఆఫీసుకెళ్ళాడు. "నేను నవ్వానండీ, మా ఆవిడలాగే. ఆ రోజు కంట్లో నలుసు పడింది" అని చెప్పి వేలిముద్ర వేసొచ్చాడు. సంతకం చేయడం వచ్చినా, అబద్ధానికి వేలు చాలనుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ మాణిక్యాంబ ఎటో చూస్తూ అంది.

"ఇదుగో, ఇక దిగులుపడమాక. నేను సరిచేసొచ్చా."

"ఏం సరిచేశావు?"

"ఏడ్చానని చెప్పొచ్చా. ఆడోళ్ళ కౌంటరు పక్కనుందిలే. మా ఆయన ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, బయటికి కనపడలేదంతే అని రాయించా."

చలమయ్య చేతిలో ముద్ద కంచంలో పడేశాడు.

"నీకేమన్నా పిచ్చా? నేను నవ్వానని చెప్పొచ్చా పొద్దున!"

"నువ్వు నవ్వావా? ఎప్పుడు నవ్వావు?" అని మాణిక్యాంబ గరిటె కింద పెట్టేసింది. "నాకు చెప్పకుండా నవ్వడానికి నీకెన్ని గుండెలు?"

"నువ్వేడ్చేటప్పుడు నాకు చెప్పావా?"

అప్పటికప్పుడు ఆఫీసుకి పరిగెత్తారు. విశ్వపతి గారు రెండు సవరణలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. ఆయన మొహంలో ఒక రకమైన భక్తి కనిపించింది.

"అద్భుతం. గడువులోపల అభిప్రాయాలు మార్చుకుని మరీ విభేదించారు. మీ విభేదం తాత్కాలికం కాదు, మౌలికం. కనుక ఒకరిని సర్దుబాటు చేస్తే చాలదు, ఇద్దరినీ చేయాలి. ఇటువంటి కేసు జిల్లాలో ఇదే మొదటిది." ఆయన లేచి నిలబడి ఇద్దరికీ చెరో ఉత్తర్వు అందించాడు. "శుభాకాంక్షలు."

అలా, ఏడ్చిన చలమయ్య నవ్విన కుటుంబానికి, నవ్విన మాణిక్యాంబ ఏడ్చిన కుటుంబానికి సర్దుబాటయ్యారు.

ఊరంతా అదే తంతు. సామాన్లు మోసే ఆటోలకి తీరిక లేకుండా పోయింది. బ్యాంకు గుమాస్తా నవ్వాడు, వాళ్ళావిడ ఏడ్చింది, వాళ్ళ అమ్మాయి ఫోను చూసుకుంటూ సినిమానే చూడలేదు. ఆ పిల్లని తటస్థ కుటుంబం ఏర్పడేదాకా హాస్టల్లో పెట్టారు. ఒక ముసలాయన విరామం నుంచే నిద్రపోయానని నిజం చెప్పి, ఏ కుటుంబానికీ చెందనివాడిగా నమోదై, రోజూ సమన్వయ విభాగం మెట్ల మీద కూర్చునేవాడు. నిద్రపోయిన కుటుంబం ఒకటి తయారవుతోందనీ, కాస్త ఓపిక పట్టమనీ విశ్వపతి గారు ఆయనకి హామీ ఇచ్చాడు.

చలమయ్య చేరిన ఇల్లు రిటైరైన సర్వేయరు భద్రయ్యది. అక్కడ తనలాగే తలా ఒక ఇంటినుంచి వచ్చి చేరినవాళ్ళున్నారు. అందరూ నవ్వినవాళ్ళే. తనిఖీకి ఎవరు ఎప్పుడొస్తారో తెలియదు గనక భద్రయ్య ఒక పద్ధతి పెట్టాడు. భోజనాలయ్యాక ఎవరో ఒకరు "మోకాళ్ళు పట్టేశాయి" అనాలి, అందరూ నవ్వాలి. మొదటి రోజు నవ్వబోతే చలమయ్యకి పొలమారింది. ఆ ట్యాంకులో పెద్దాయన గుర్తొచ్చి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"కొత్తల్లో అందరికీ అంతే. అలవాటవుద్ది" అన్నాడు భద్రయ్య వీపు రాస్తూ. తర్వాత గొంతు తగ్గించి, "మాట వరసకి అడుగుతున్నా. మీరు నిజంగా నవ్వారా?" అన్నాడు.

"ఆ, నవ్వాను. మీరు?"

"నేనూ నవ్వాను" అన్నాడు భద్రయ్య, గోడకేసి చూస్తూ.

ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ తగవుపడరు. కూరలో ఉప్పెక్కువైందని ఒకరంటే అందరూ అవునంటారు. లేదని ఒకరంటే అందరూ లేదంటారు. నెల తిరక్కుండానే చలమయ్యకి మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. టీవీలో ఏదో సినిమా వస్తుంటే "ఏం సినిమా ఇది, చెత్త" అన్నాడు ఒకసారి, ఆశగా. "అవును, చెత్త" అన్నారు అందరూ. ఆయనకి ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో అది నిషేధం.

మాణిక్యాంబని రైతుబజారులో చూశాడు. వంకాయలు ఏరుతోంది. మొహం పీక్కుపోయింది.

"ఎట్టా ఉన్నావు?" అన్నాడు దగ్గరికెళ్ళి.

"ఏడుస్తన్నా" అంది. "అక్కడ అందరూ పొద్దున లేవగానే ఏడవాలి. నాకు రాదు. ఉల్లిపాయలు నా చేతే తరిగిస్తన్నారు, అందులో కలిసిపోద్దని. నువ్వు?"

"నవ్వుతన్నా."

చలమయ్య కూడా వంగి వంకాయలు ఏరసాగాడు.

"ఆ పెద్దాయన్ని తల్చుకుంటే ఇప్పటికీ నాకు..." అన్నాడు చలమయ్య మెల్లగా.

"ఇంకా ఆ పెద్దాయనేనా? నిచ్చెన గురించి ఇంకా బుద్ధి రాలేదా నీకు?"

"నిచ్చెనెక్కమని ఆవిడకి ఎవరు చెప్పారు?"

"ఎక్కకపోతే చచ్చేవాడు, మహానుభావుడు!"

అంతే. నెల రోజులుగా ఇద్దరి గొంతులోనూ పేరుకున్నదంతా ఒక్కసారి బయటపడింది. వంకాయల బండివాడు పక్కకి జరిగి చోటిచ్చాడు. జనం మూగారు. మాణిక్యాంబ మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. చలమయ్యకి తన గొంతు తనకే కొత్తగా, బలంగా వినిపించింది. సరిగ్గా అప్పుడు గుంపుని తోసుకుంటూ ఇమ్మానుయేలు వచ్చాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

"ఆపారేం అండీ? కానివ్వండి" అన్నాడు ఇమ్మానుయేలు. "మీరిద్దరూ ఇప్పుడు ఒక కుటుంబం కాదు కదా. వేర్వేరు కుటుంబాల వాళ్ళు విభేదించుకోవచ్చు. దాన్ని ప్రజాస్వామ్యం అంటారు. మా సర్కులర్లోనే ఉంది."

మాణిక్యాంబ వంకాయ చేతిలో పట్టుకుని అతన్ని తేరిపార చూసింది.

"అంటే, కుటుంబం కాకపోతే ఎంతైనా పోట్లాడుకోవచ్చా?"

"నిరభ్యంతరంగా."

"ఒక ఇంట్లో అద్దెకుండేవాళ్ళు, ఇంటివాళ్ళు, ఒకే కుటుంబం కింద లెక్కా?"

ఇమ్మానుయేలు ఆలోచించాడు. "కాదండీ. అద్దెకున్న వాటాని వేరే కప్పుగా భావిస్తాం. ఓనరూ, అద్దెదారూ ఏకాభిప్రాయంతో ఉండాలని ఏ ప్రభుత్వమూ ఆశించదు."

ఆ సాయంత్రమే మాణిక్యాంబ తన ఇంట్లో తానే వెనకవాటాకి అద్దెకు దిగింది. కొట్టు మీద దృష్టి పెట్టాలని చెప్పి చలమయ్య ఓనరుగా ముందువాటాకి తిరిగొచ్చాడు. మధ్యన ఉన్న తలుపు తెరిచే ఉంది. ఆ తలుపు గురించి సర్కులర్లో ఏమీ లేదు.

ఈ కబురు ఊళ్ళో పాకడానికి ఒక్క రోజు కూడా పట్టలేదు. బ్యాంకు గుమాస్తా తన భార్యకి అద్దెదారయ్యాడు. వాళ్ళ అమ్మాయి హాస్టలు నుంచొచ్చి, అదే ఇంట్లో పేయింగ్ గెస్టుగా చేరి, అమ్మ వంట బాలేదని హాయిగా చెప్పింది. భద్రయ్య, ఏడ్చిన కుటుంబానికి పోయిన తన తమ్ముణ్ణి పిలిపించుకుని కిందవాటా ఇచ్చాడు. ఇద్దరూ తలుపేసుకుని ఆ సినిమా గురించి ఏడ్చారట. మెట్ల మీద ముసలాయన్ని కొడుకే వచ్చి, "మా ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, చూస్తారా?" అని అడిగి తీసుకెళ్ళాడు. నెల్లాళ్ళలో పెదమేడూరులో కుటుంబమన్నది ఒక్కటి కూడా మిగల్లేదు. అందరూ ఓనర్లు, అద్దెదార్లు.

విశ్వపతి గారు పైకి నివేదిక పంపాడు. పెదమేడూరులో విభేదిస్తున్న కుటుంబాల సంఖ్య సున్నా అనీ, కుటుంబాల మొత్తం సంఖ్య గురించిన వివరాలు విడిగా పంపబడతాయనీ రాశాడు. ఆడిట్ వారి కొర్రీ తీరిపోయింది. విభాగాన్ని రాష్ట్రమంతటా విస్తరించాలని నిర్ణయించారు. వెళ్ళబోయే ముందు ఆఖరి తనిఖీగా, మౌలిక విభేదానికి పేరుపడ్డ ఆ ఇంటిని స్వయంగా చూడాలని ఆయనకి బుద్ధిపుట్టింది.

ఆదివారం సాయంత్రం. చలమయ్యా మాణిక్యాంబా కొత్త సినిమా ఒకటి చూసొచ్చి అరుగు మీద కూర్చుని మాటలతో చంపుకుంటున్నారు. విశ్వపతి గారు కారు దిగేసరికి కూడా ఆపలేదు. ఇమ్మానుయేలు వెనక నిలబడి దగ్గాడు.

"మీ ఘర్షణ విన్నాను" అన్నాడు విశ్వపతి గారు. "దాని తీవ్రత సామాన్య ఓనరు, అద్దెదారు స్థాయిని మించి ఉన్నది. కనుక అధికారికంగా ప్రశ్నిస్తున్నాను. మీరిద్దరూ ఒక కుటుంబమా?"

అవునంటే మళ్ళీ ఉత్తర్వు, మళ్ళీ ఆటో, మళ్ళీ ఆ నవ్వు. చలమయ్య మాణిక్యాంబ మొహం చూశాడు. ఆవిడా అదే లెక్క వేసుకుంటోంది.

"కాదండీ" అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

విశ్వపతి గారి కళ్ళు మెరిశాయి. "ఇమ్మానుయేలూ, విన్నావా? ఏకాభిప్రాయం! అణువంత తేడా లేదు! నిర్వచనం ప్రకారం వీరు నిస్సందేహంగా ఒక కుటుంబం. అద్దె రద్దు. రాసుకో."

"అంటే మమ్మల్ని కలిపేసినట్టేనా అండీ?" అంది మాణిక్యాంబ.

"కలపడమేమిటి? ఆదర్శ కుటుంబం!"

"అయితే సరే. కుటుంబమే, రాసుకోండి."

చలమయ్య ఉలిక్కిపడ్డాడు. ఇప్పుడు తనూ ఊఁ కొడితే ఆదర్శ కుటుంబమైపోతారు. ఆదర్శ కుటుంబమంటే ఇక ఆదివారాలు నోరెత్తకూడదు. ఆవిడ ఓరగా చూస్తోంది. ఆ చూపు ఆయనకి బాగా ఎరికే. రైల్వేగేటు దగ్గర కొత్త వాదన తీసేముందు చూసే చూపు.

"కుటుంబం కాదు" అన్నాడు గట్టిగా. "నేనొప్పుకోను."

విశ్వపతి గారి కలం ఆగింది. "ఆమె అవునంటున్నారు. మీరు కాదంటున్నారు. అనగా విభేదం. అనగా మీరు కుటుంబం కాదు. అనగా మీరన్నదే నిజం." ఆయన నుదురు తుడుచుకున్నాడు. "అమ్మా, ఆయన చెప్పింది నిజమని మీరు అంగీకరిస్తారా?"

"ఆయన చెప్పేది నేనేనాడు అంగీకరించానండీ?"

"అంగీకరిస్తే ఏకాభిప్రాయమై కుటుంబమవుతారు. అంగీకరించకపోతే..." విశ్వపతి గారు అరుగు చివర కూలబడ్డాడు. ఇమ్మానుయేలు కాగితం మీద ఒకటి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి, చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆయనకి మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళాడు.

మొగుడూపెళ్ళాలకి ఇదేమీ పట్టలేదు.

"కుటుంబం కాదంటావా?" అని లేచింది మాణిక్యాంబ. "మొహం మీదే అంటావా?"

"అంటా. ఏ లెక్కన కుటుంబమో చెప్పు చూద్దాం!"

"ఇంకెవరితో పోట్లాడతానయ్యా నేను?"

చలమయ్యకి ఆ మాట నిజమే అనిపించింది. ఇన్నేళ్ళలో ఆవిడ మాట ఆయన ఒప్పుకోబోవడం ఇదే మొదలు. కానీ అరుగు చివర విశ్వపతి గారు తలెత్తి తన మొహంకేసే చూస్తున్నాడు. ఒప్పుకున్నట్టు కనబడితే కొంప మునుగుతుంది.

"అదొక లెక్కేనా!" అని చలమయ్య వీధంతా వినబడేటట్టు అరిచాడు.